పాత స్నానపట్టణానికి మళ్లీ కళ తేవాలంటే

వేడినీటి ఊటల ఊరిని బాగుచేయమంటే చాలామంది ముందు హోటళ్ల నమూనాలు గీస్తారు. నేనైతే నీటి దారి గీయమంటాను. ఊట ఎక్కడ పుడుతోంది, ఏ గొట్టంలో వెళుతోంది, ఏ వాగులో కలుస్తోంది? ఆ పటం చేతికొచ్చాకే మిగతా పనులు. ఊటల దగ్గర సెల్లార్లు తవ్వనివ్వకండి. నీరు దారి మళ్లిందంటే ఊరికి పేరొక్కటే మిగులుతుంది.

తర్వాత వాహనాలు. జర్మనీలోని వేడినీటి ఊటల ఊరు బాడెన్-బాడెన్‌లో ఊరి గుండా పోయే రద్దీని 1989లో తెరిచిన మిఖాయెల్ సొరంగంలోకి మళ్లించారు. దాదాపు రెండున్నర కిలోమీటర్లు! అంత డబ్బు లేకపోతే ఊరి అంచున పార్కింగ్, అక్కడి నుంచి చిన్న బస్సులతో మొదలుపెట్టండి.

నడకదారి మీద మాత్రం పిసినారితనం వద్దు. బాడెన్-బాడెన్‌లో ఓస్ వాగు పక్కన లిఖ్టెన్‌టాలర్ ఆలే అనే నడకదారి రెండు కిలోమీటర్లకు పైగా సాగుతుంది: పెద్ద చెట్లు, పచ్చిక, వాగు మీద చిన్న చిన్న వంతెనలు, దారిలోనే మ్యూజియం. ఇలాంటి దారికి ప్రతి చెట్టు వయసూ రాసిన పట్టిక ఉండాలి. ముసలి చెట్టు కూలకముందే దాని పక్కన వారసుణ్ణి నాటాలి. టెండర్లు పిలిచేవాళ్లకు ఇది ఓ పట్టాన ఎక్కదు.

పాత కట్టడాలకు పని చూపించండి. బాడెన్-బాడెన్ పాత రైల్వే స్టేషన్ 1998లో ప్రారంభమైన సంగీతశాలకు ప్రవేశద్వారమైంది. 1877 నాటి ఫ్రీడ్రిఖ్స్‌బాడ్ ఇప్పటికీ స్నానశాలే.

బెంచీలు వీపు ఆనించుకునేవే వేయించండి. ఇలాంటి ఊళ్లకు మోకాళ్ల నొప్పులతో వచ్చేవాళ్లు తక్కువేమీ కాదు.