చెన్నైలో చదువుతున్న తెలుగు విద్యార్థులు ఐఈఎల్‌టీఎస్‌కు సిద్ధం కావడం ఎలా

చెన్నైలో ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతూ విదేశీ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేయదలచిన తెలుగు విద్యార్థి, ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ పరీక్ష (విదేశీ చదువుకు ఇంగ్లిష్ ప్రావీణ్యాన్ని కొలిచేది) అనగానే సాధారణంగా ఒక వ్యాకరణ పుస్తకం కొంటాడు, ఆ తర్వాత ఏదో ఒక కోచింగ్ సెంటర్లో చేరతాడు. ఈ రెండింటికంటే ముందు చేయవలసిన పని, తన ఇంగ్లిష్‌లో దొర్లే తప్పుల్లో ఏవి తెలుగు వాక్యం నుంచి వస్తున్నాయో గుర్తించడం. చిన్నప్పటి నుంచీ ఇంగ్లిష్ మీడియంలోనే చదివి, సెమిస్టర్ పరీక్షలన్నీ ఆ భాషలోనే రాసినవారు కూడా రైటింగ్‌లో 9కి 5.5 దగ్గర ఆగిపోతుంటారు. వారికి మాటలు తెలియక కాదు. వాక్యాన్ని తెలుగులో అల్లుకుని, అందులో ఇంగ్లిష్ మాటలు పేర్చడం వల్ల అలా జరుగుతుంది.

ఈ విషయంలో చైనా విద్యార్థుల నుంచి తీసుకోదగిన పద్ధతి ఒకటుంది. అక్కడ 1987 నుంచి కళాశాల విద్యార్థులకు కాలేజ్ ఇంగ్లిష్ టెస్ట్ పేరుతో ఒక జాతీయ పరీక్ష జరుగుతోంది. మొత్తం 710 మార్కుల ఆ పరీక్షలో నాలుగో స్థాయి, ఆరో స్థాయి అని రెండు మెట్లున్నాయి. నాలుగో స్థాయిలో 140 నుంచి 160 చైనీస్ అక్షరాల పేరా ఒకటి ఇచ్చి, 30 నిమిషాల్లో ఇంగ్లిష్‌లోకి అనువదించమంటారు. చైనా చరిత్ర, సంస్కృతి, సామాజిక పరిస్థితులకు సంబంధించిన ఆ పేరాకు మొత్తం మార్కుల్లో 15 శాతం కేటాయిస్తారు. చైనీస్‌లో "ఎ", "ఆన్", "ది" వంటి ఆర్టికల్స్ లేవు, మనకూ లేవు. చైనీస్‌లో విశేషణ వాక్యం నామవాచకానికి ముందు వస్తుంది, తెలుగులోనూ అంతే. అందువల్ల అక్కడి విద్యార్థి ఎక్కడ తడబడతాడో మనవాడూ చాలావరకు అక్కడే తడబడతాడు. ఐఈఎల్‌టీఎస్‌లో అనువాదం అడగరు, నిజమే. అయినా రోజుకు అరగంట ఈ సాధన చేస్తే మన తప్పులు బయటపడినంత స్పష్టంగా వంద బహుళైచ్ఛిక ప్రశ్నలు చేసినా బయటపడవు.

చేయవలసిన విధానం ఇది. తెలుగు దినపత్రికలోని ఒక వార్త నుంచి ఐదారు వాక్యాల పేరా తీసుకుని, నిఘంటువు చూడకుండా ఇంగ్లిష్‌లో రాయాలి. ఉదాహరణకు ఈ వాక్యం చూడండి: "గత పదేళ్లలో పాత మహాబలిపురం రోడ్డు వెంట వెలసిన అపార్టుమెంట్లలో ఉంటున్న కుటుంబాలు వేసవిలో ట్యాంకర్ నీటి మీదే ఆధారపడుతున్నాయి." ఇందులో తొమ్మిది మాటలు దాటితే గానీ కర్త రాదు, క్రియ చిట్టచివర ఉంది. ఇదే వరుసలో ఇంగ్లిష్ రాయబోతే మధ్యలోనే వాక్యం తెగిపోతుంది. ముందుగా "ఎవరు, ఏం చేస్తున్నారు" అన్న రెండింటినీ పట్టుకుని "ఫ్యామిలీస్ డిపెండ్ ఆన్ ట్యాంకర్ వాటర్" అన్న ఎముకను నిలబెట్టాలి. ఆ తర్వాత "ఫ్యామిలీస్" పక్కన "హూ లివ్ ఇన్ ది అపార్ట్‌మెంట్స్" అని, ఆ అపార్టుమెంట్ల పక్కన "దట్ హ్యావ్ కమ్ అప్ అలాంగ్ ది రోడ్" అని ఒకదాని వెనుక ఒకటి తగిలించుకుంటూ పోవాలి.

ఈ ఒక్క వాక్యంలోనే మన అలవాటైన తప్పులు మరో మూడు దాగి ఉన్నాయి. "ఆధారపడుతున్నాయి" అన్న రూపాన్ని చూసి "ఆర్ డిపెండింగ్" అని రాయబుద్ధవుతుంది. ఎప్పుడూ ఉండే స్థితికి ఇంగ్లిష్‌లో "డిపెండ్" చాలు. "నాకు ఇద్దరు అక్కలున్నారు" అన్నదాన్ని "ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్" అనడం, "తెలుసు" అన్నదాన్ని "ఐ యామ్ నోయింగ్" అనడం ఇదే కోవకు చెందుతాయి. రెండోది "మీదే" అన్నచోట ఉన్న ఏ-కారం. దాన్ని మనం అలవాటుగా "ట్యాంకర్ వాటర్ ఓన్లీ" అని చివర తగిలిస్తాం; "అక్కడే ఉన్నాడు" అన్నది "హీ ఈజ్ దేర్ ఓన్లీ" అయినట్టు. ఇక్కడ కావలసిన మాట "ఎంటైర్లీ". మూడోది "ది" పెట్టవలసిన చోట వదిలేయడం, అక్కర్లేని చోట పెట్టడం. ఆర్టికల్స్ గురించి పుస్తకంలోని సూత్రాలన్నీ బట్టీ పట్టడం కంటే, రాసిన ప్రతి నామవాచకం దగ్గరా ఆగి, చదివేవాడికి అది ఏదో ముందే తెలుసా అని ప్రశ్నించుకోవడం ఎక్కువ ఫలితాన్నిస్తుంది.

ఇలా దొరికిన తప్పులను ఒక నోటు పుస్తకంలో తప్పు రకాన్ని బట్టి పేజీలు కేటాయించి రాసుకోవాలి. రెండు మూడు వారాలు గడిచేసరికి కొన్ని పేజీలు నిండిపోతాయి, కొన్ని ఖాళీగానే ఉంటాయి. నిండిన పేజీలే మీ పాఠ్యప్రణాళిక. ఖాళీ పేజీల కోసం కోచింగ్ ఫీజు కట్టనవసరం లేదు.

రైటింగ్‌కు గంట సమయం ఉంటుంది. మొదటి ప్రశ్నలో గ్రాఫ్‌నో పట్టికనో పటాన్నో కనీసం 150 మాటల్లో వివరించాలి, రెండో ప్రశ్నలో కనీసం 250 మాటల వ్యాసం రాయాలి. రెండోదానికి మొదటిదానికంటే రెట్టింపు విలువ ఉంది కనుక 40 నిమిషాలు దానికే కేటాయించాలి. మొదటి ప్రశ్నను నగిషీలు చెక్కుతూ కూర్చుని వ్యాసాన్ని హడావిడిగా ముగించేవారు చాలామంది కనిపిస్తారు. ప్రశ్న అడిగినదానికి సూటిగా జవాబు ఇవ్వడం, భావాల పొందిక, పదసంపద, వ్యాకరణం అన్న నాలుగు కొలమానాలకూ సమాన భాగం ఉంటుంది. కోచింగ్ సెంటర్లు పంచే టెంప్లేట్లలో ఏ అంశానికైనా సరిపోయేలా రాసిన "ఇన్ దిస్ మోడర్న్ ఎరా" తరహా ఆరంభాలను నేను గట్టిగా వద్దంటాను. అవి బట్టీ పట్టినవని పరీక్షకులకు ఇట్టే తెలిసిపోతుంది, పైగా ఆ ఆరంభపు ఇంగ్లిష్‌కూ తర్వాత మీరు సొంతంగా రాసే ఇంగ్లిష్‌కూ ఉన్న తేడా మీ లోపాలను ఇంకా ఎత్తి చూపుతుంది. వ్యాసానికి ముందు ఐదు నిమిషాలు పక్కన పెట్టి, మీ అభిప్రాయం ఏమిటో, దానికి రెండు కారణాలేమిటో తెలుగులోనే ఆలోచించుకున్నా తప్పులేదు. ఆలోచన తెలుగులో చేయవచ్చు, వాక్యం మాత్రం ఇంగ్లిష్‌లోనే పుట్టాలి.

స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు సాగే ముఖాముఖి సంభాషణ. మొదట ఊరు, చదువు, అలవాట్ల గురించి మామూలు ప్రశ్నలు, తర్వాత ఒక కార్డు ఇచ్చి నిమిషం ఆలోచించుకోనిచ్చి రెండు నిమిషాల వరకు మాట్లాడమనడం, చివర అదే అంశంపై కొంత లోతైన చర్చ ఉంటాయి. చెన్నై హాస్టళ్లలో గదిలో నలుగురుంటే నలుగురూ నెల్లూరు, తిరుపతి, గుంటూరు వైపు వాళ్లే కావడం మామూలు విషయం కనుక, ఎంత గట్టిగా ఒట్టు పెట్టుకున్నా పది నిమిషాల్లో మాట తెలుగులోకి జారిపోతుంది. తెలుగు రాని తమిళ లేదా మలయాళ సహాధ్యాయితో రోజూ కొంతసేపు మాట్లాడే ఏర్పాటు చేసుకుంటే ఇద్దరికీ ఇంగ్లిష్ తప్ప వేరే దారి ఉండదు. అయితే ధారాళతకు ఆ స్నేహితుడు పనికివస్తాడు గానీ తప్పులు దిద్దడానికి పనికిరాడు; "దేర్ ఓన్లీ", "స్మాల్ స్మాల్ థింగ్స్" వంటివి వాళ్ల ఇంగ్లిష్‌లోనూ ఉన్నాయి కాబట్టి అతనికి అందులో తప్పు వినిపించదు. దిద్దుకోవడానికి ఫోన్‌లో రికార్డు చేసుకుని, మరునాడు కాగితం మీద ఉన్నదున్నట్టు రాసుకుని చూడటమే మార్గం. అలా రాసుకున్నప్పుడు "కదా" స్థానంలో మనం ఎన్నిసార్లు "నో?" అంటున్నామో చూసి ఆశ్చర్యపోతాం.

ఉచ్చారణ విషయంలో విదేశీయుల యాసను అనుకరించనక్కరలేదు, దానికి మార్కులూ లేవు. మాట స్పష్టంగా అర్థం కావాలి, అంతే. తెలుగు అజంత భాష, అంటే మాటలు అచ్చుతో ముగిసే భాష కావడం వల్ల "టెస్ట్"ను "టెస్టు" అని, "పార్క్"ను "పార్కు" అని సాగదీసే అలవాటు మనకు సహజం, దాన్ని తగ్గించుకోవాలి. అంతకంటే ముఖ్యమైనది ఊనిక, అంటే మాటలో ఏ అక్షరాన్ని ఒత్తి పలకాలన్నది. "ఫొటోగ్రాఫ్"లో బలం మొదటి అక్షరం మీద పడితే "ఫొటోగ్రఫీ"లో రెండో అక్షరం మీద పడుతుంది. మనం అన్ని అక్షరాలనూ ఒకే బరువుతో పలుకుతాం కనుక, వేగంగా మాట్లాడినప్పుడు వినేవారు మాటను పోల్చుకోలేకపోతారు. కొత్త మాట నేర్చుకున్నప్పుడే ఊనిక ఎక్కడో గుర్తు పెట్టుకోవాలి.

లిజనింగ్‌లో నాలుగు భాగాలు, 40 ప్రశ్నలు ఉంటాయి, రికార్డింగ్‌ను ఒక్కసారే వినిపిస్తారు. తాంబరం నుంచి బీచ్ వైపు వెళ్లే లోకల్ రైల్లో రోజూ ప్రయాణించేవారికి ఆ సమయం దీనికి చక్కగా సరిపోతుంది, కానీ ఆగి వెనక్కి తిప్పి వినే అలవాటు మాత్రం చేసుకోకూడదు. ఇక్కడ మార్కులు పోయేది ఎక్కువగా చిన్న విషయాల్లోనే: బహువచనపు చివరి "ఎస్" వినిపించకపోవడం, ఫోన్ నంబరులో సున్నాను "ఓ" అన్నప్పుడు తికమకపడటం, "రెండు మాటలకు మించకూడదు" అన్న సూచన మరిచి మూడు రాయడం. స్పెల్లింగ్ తప్పితే జవాబు తప్పే; బ్రిటిష్, అమెరికన్ రూపాల్లో ఏది రాసినా సరే.

రీడింగ్‌లో మూడు పాఠ్యభాగాలు, 40 ప్రశ్నలు, 60 నిమిషాలు. అన్నిటికంటే ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది "ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్" ప్రశ్న. పాఠ్యభాగంలో ఇలా ఉందనుకోండి: "1896లో ప్రారంభమైన ఎగ్మూరులోని కన్నెమరా గ్రంథాలయం, దేశంలో ప్రచురితమయ్యే పుస్తకాల ప్రతులను చట్టప్రకారం అందుకునే నాలుగు గ్రంథాలయాల్లో ఒకటి." "కన్నెమరా ఇరవయ్యో శతాబ్దంలో మొదలైంది" అంటే ఫాల్స్, ఎందుకంటే పాఠం దాన్ని ఖండిస్తోంది. "ఆ నాలుగింటిలో ఎక్కువ పుస్తకాలు ఉన్నది కన్నెమరాలోనే" అంటే నాట్ గివెన్, ఎందుకంటే పాఠం ఆ పోలిక ఊసే ఎత్తలేదు. మీకు బయటి నుంచి ఆ సంగతి తెలిసినా సరే, దాన్ని ఇక్కడ వాడకూడదు. తప్పు జవాబుకు మార్కులు కోయరు కనుక దేన్నీ ఖాళీగా వదలకూడదు. గది నిశ్శబ్దంగా లేనివారు కోట్టూర్‌పురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయంలో కూర్చుని గడియారం పెట్టుకుని ఈ సాధన చేయవచ్చు.

పరీక్ష తేదీ ఎంచుకునే ముందు మీరు దరఖాస్తు చేసే కోర్సు పేజీలో మొత్తం స్కోరుతో పాటు ఒక్కొక్క విభాగానికి ఎంత అడుగుతున్నారో చూడాలి. లిజనింగ్‌లో 7, రీడింగ్‌లో 6.5, రైటింగ్‌లో 5.5, స్పీకింగ్‌లో 6 వస్తే సగటు 6.25 అవుతుంది, దాన్ని 6.5కు పెంచి ఇస్తారు. మొత్తం 6.5 అడిగే కోర్సుకు అది సరిపోయినట్టే కనిపించినా, "ఏ విభాగంలోనూ 6కు తగ్గకూడదు" అన్న షరతు ఉంటే రైటింగ్ దగ్గర దరఖాస్తు ఆగిపోతుంది. స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. గుర్తింపుగా పాస్‌పోర్టు తప్పనిసరి కనుక అది లేనివారు ముందు దాని సంగతి చూసుకోవాలి. కంప్యూటర్ మీద రాసినవారికి, ఒక్క విభాగంలోనే తగ్గితే 60 రోజుల్లోపు ఆ విభాగం మాత్రమే మళ్లీ రాసే వెసులుబాటు ఉంది. అయితే అలా తెచ్చుకున్న స్కోరును అన్ని విశ్వవిద్యాలయాలూ ఒప్పుకోవు కాబట్టి, రుసుము కట్టే ముందే ఆయా ప్రవేశ విభాగాలకు మెయిల్ రాసి జవాబు తెప్పించుకోవాలి.