రిపోర్టులన్నీ నార్మల్, కడుపు మాత్రం కుదురుగా ఉండదు: ఐబీఎస్ సమస్య - పరిష్కారం

ఐబీఎస్ అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ - పరీక్షల్లో ఏమీ తేలకపోయినా కడుపునొప్పి, మోషన్ తేడాలు వదలని పేగు సమస్య. ముందు ఇది చూసుకోండి. మలంలో రక్తం, ఊరికే బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే విరేచనాలు, జ్వరం, రక్తహీనత, 50 దాటాక కొత్తగా మొదలైన తేడా, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ - వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఇది చదవడం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

అవేవీ లేకుండా, ఆరు నెలల కిందటే మొదలై, గత మూడు నెలలుగా వారానికి ఒక రోజైనా కడుపునొప్పి వస్తుంటే ఐబీఎస్ అని అనుమానించవచ్చు. దానికి తోడు మోషన్‌తో నొప్పి పెరగడమో తగ్గడమో, వెళ్లే సార్లు మారడం, మలం తీరు మారడం - ఈ మూడింట్లో రెండైనా ఉండాలి. ఐబీఎస్‌ను గుర్తించడానికి డాక్టర్లు వాడే, 2016లో వచ్చిన రోమ్ 4 ప్రమాణాలు చెప్పేది ఇదే.

తినీ తినగానే బాత్రూమ్‌కి పరుగు

ఎర్రకారం దోసె తిని చెయ్యి కడుక్కునేలోపే కడుపులో మెలిపెడుతుంది. తిన్నది తిన్నట్టే పోతోందని కంగారు పడకండి, పోయేది పాతదే. అన్నం లోపలికి వెళ్లగానే పెద్దపేగు కదలడం అందరికీ ఉన్నదే. ఐబీఎస్‌లో ఆ కదలిక జోరుగా ఉంటుంది, పేగు నరాలకు అది నొప్పిగా తెలుస్తుంది. కారం, నూనె, పరగడుపున కాఫీ దాన్ని ఇంకా రేపుతాయి. ఒకేసారి కడుపునిండా తినకుండా కొంచెం కొంచెంగా తినండి.

చేపల పులుసు మానేయాలా అని మన నెల్లూరు వాళ్లు దిగులుపడతారు. అక్కర్లేదు. చేప ముక్కతో పేచీ లేదు. కారం సంగతి అటుంచితే, ఇబ్బంది ఉల్లి, వెల్లుల్లిలో ఉండే ఫ్రక్టాన్లు అనే పిండిపదార్థాలతో. అవి నీళ్లలో కరుగుతాయి కాబట్టి పులుసులోంచి వెల్లుల్లి రెబ్బలు ఏరేసినా లాభం లేదు. నూనెలో మాత్రం కరగవు. ముందుగా నూనెలో రెబ్బలు వేయించి, తీసేసి, ఆ నూనెతోనే ఉల్లి లేకుండా పులుసు పెట్టండి. కారం సగం చేయండి. వెల్లుల్లి వాసన ఉంటుంది, కడుపు ఉబ్బదు.

సాయంత్రానికి పొట్ట డప్పులా ఉబ్బడం

గోధుమ, ఉల్లి, శనగలు, కందిపప్పు, పాలు, మామిడిపండు - వీటిలోని కొన్ని పిండిపదార్థాలు, చక్కెరలు చిన్నపేగులో సరిగా ఇంకవు. పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెడితే గ్యాస్ పుడుతుంది. అన్నం మాని చపాతీకి మారాక ఉబ్బరం ఎక్కువైతే, అన్నానికే తిరిగి రండి (షుగర్ ఉంటే డాక్టర్‌ని అడిగి). పాలు పడనివాళ్లలో చాలామందికి మజ్జిగ పడుతుంది.

ఆస్ట్రేలియాలోని మోనాష్ యూనివర్సిటీ వాళ్లు రూపొందించిన ఫాడ్‌మ్యాప్ పద్ధతిలో ఇలాంటివన్నీ 2 నుంచి 6 వారాలు ఆపి, తర్వాత ఒక్కొక్కటే తిని చూస్తారు. పడనిది ఏదో తేలాక మిగతావి మళ్లీ తినాలి. ఈ రెండో సగం చేయకుండా ఏళ్ల తరబడి చారన్నం మీద బతికి నీరసించిపోయేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంటుంది. ఏం తిన్నారో, ఎప్పుడు నొప్పి వచ్చిందో నోటుబుక్కులో రాసుకోండి. వీలుంటే డైటీషియన్ సాయం తీసుకోండి.

మోషన్ గట్టిగా, ముక్కి ముక్కి రావడం

ఇస్బగోల్ ఒక చెంచాతో మొదలుపెట్టి, గ్లాసు నిండా నీళ్లతో తాగి, మెల్లగా పెంచండి. గోధుమ తవుడు వద్దు, ఉబ్బరం పెంచుతుంది.

బస్సెక్కాలంటే భయం

నెల్లూరు నుంచి ఒంగోలుకు ఆర్టీసీ బస్సు అనుకోగానే కడుపు కదులుతుంది. ఇది పిరికితనం కాదు. మెదడుకూ పేగుకూ నరాల సంబంధం ఉంది, టెన్షన్ నేరుగా పేగులకు చేరుతుంది. వీలైతే రైలెక్కండి, టాయిలెట్ ఉందన్న ధైర్యానికే కొంత తగ్గుతుంది. ప్రయాణానికి ముందు లోపెరమైడ్ (విరేచనాలు ఆపే మాత్ర) వేసుకోవచ్చేమో డాక్టర్‌ని అడగండి. డిప్రెషన్‌కి వాడే అమిట్రిప్టిలిన్ రాస్తే "నాకు పిచ్చా?" అని కోపం తెచ్చుకోకండి. తక్కువ మోతాదులో అది పేగు నొప్పిని తగ్గిస్తుంది.

అమీబా మాత్రలు ఎన్ని మింగినా మళ్లీ మొదటికే

మెట్రోనిడజోల్ అమీబాను చంపుతుంది, ఐబీఎస్‌ను కాదు. మందుల షాపులో అడిగి మళ్లీ కొనకండి. మల పరీక్ష, రక్త పరీక్ష, విరేచనాలు ఎక్కువగా ఉంటే గోధుమలోని గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బు ఉందేమో చూసే టీటీజీ, పేగు వాపు తెలిపే కాల్‌ప్రొటెక్టిన్ - వీటిలో మీకేవి కావాలో డాక్టర్‌తో మాట్లాడండి. వెళ్లేటప్పుడు ఆ నోటుబుక్కు, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలు తీసుకెళ్లండి.