ఇంటర్‌ఫేస్ అప్/అప్, పింగ్ ఓకే, కానీ ఫైల్ కదలట్లేదు: రౌటర్ ఈథర్‌నెట్ పోర్టుల సమస్యలు - పరిష్కారాలు

రౌటర్‌లో కార్డు వేసి, ఐపీ ఇచ్చి, పింగ్ వచ్చింది కదా అని లేచి వెళ్లిపోయేవాళ్లని చాలామందిని చూశా. వారం తిరక్కుండానే లింక్ స్లో అని ఫోన్ వస్తుంది, అప్పుడు కేబుల్ మారుస్తారు, కార్డు మారుస్తారు, ఆఖరికి రౌటరే మార్చేద్దామంటారు, కానీ రెండు చివర్లా డూప్లెక్స్ లైన్ (ఒకేసారి పంపడం, అందుకోవడం రెండూ జరిగితే ఫుల్, వంతులవారీగా అయితే హాఫ్) మాత్రం ఒక్కరూ చూడరు. దయచేసి ముందు అది చూడండి. అప్/అప్ అంటే లైన్ అప్, దాని మీద ప్రోటోకాల్ కూడా అప్ అని. నేను సిస్కో ఐఓఎస్ కమాండ్లతో రాస్తున్నా, వేరే కంపెనీ రౌటర్ అయితే కమాండ్ మారుద్ది గానీ వ్యవహారం ఇదే. కన్సోల్ కనెక్ట్ చేయడం, కాన్ఫిగ్ మోడ్‌లోకి వెళ్లడం మీకు వచ్చనే అనుకుంటున్నా.

సమస్య: కార్డు పెట్టాం, పోర్టు లిస్టులోనే లేదు

"షో ఇన్వెంటరీ" కొట్టండి. అందులో కార్డు పేరు, సీరియల్ నంబర్ కనిపిస్తే రౌటర్ దాన్ని గుర్తుపట్టినట్టే, మీరు వెతికే నంబరే తప్పు. ఇప్పటి మాడ్యులర్ రౌటర్లలో పోర్టు పేరు స్లాట్, సబ్‌స్లాట్, పోర్టు అనే వరసలో వస్తుంది. 0/1/0 అంటే 0 స్లాట్, 1 సబ్‌స్లాట్, అందులో మొదటి పోర్టు, ఎందుకంటే పోర్టుల లెక్క సున్నా నుంచి మొదలు. పాత మోడళ్లలో కొన్నిటికి రెండంకెలే ఉంటాయి. ఇన్వెంటరీలో కూడా లేదంటే కార్డు పూర్తిగా లోపలికి కూర్చోలేదు, లేదా ఆ ఐఓఎస్ వెర్షన్‌కి ఆ కార్డు తెలీదు. ఒకవైపు స్క్రూ గట్టిగా బిగించేసి రెండోది వదిలేస్తే కార్డు కాస్త వంకరగా నిలబడి వెనక కనెక్టర్ సరిగ్గా తగలదు, రెండూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. మళ్లీ బయటికి లాగేముందు మాత్రం, ఆన్‌లో ఉండగా కార్డు తీయడానికి మీ మోడల్ ఒప్పుకుంటుందో లేదో చూస్కోండి. చిన్న రౌటర్లు చాలావాటికి పవర్ ఆపాల్సిందే.

సమస్య: అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్

"నో షట్‌డౌన్" కొట్టలేదు. రౌటర్ పోర్టులు మొదట్లో షట్ అయ్యే ఉంటాయి. అంతే.

సమస్య: డౌన్/డౌన్

అవతలి పోర్టు షట్ అయి ఉందేమో అడగండి, ఆ తర్వాతే కేబుల్ జోలికి వెళ్లండి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతల వైర్లు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అందుకే పాత కార్డుతో ఏళ్ల తరబడి పనిచేసిన కేబుల్ కొత్త గిగాబిట్ కార్డుకి పెట్టగానే మొండికేస్తే కార్డుని అనుమానించకండి, ముందు కేబుల్ టెస్టర్‌తో ఎనిమిది వైర్లూ చూడండి. ఫైబర్ అయితే పంపేది, అందుకునేది, అంటే టీఎక్స్, ఆర్‌ఎక్స్ తారుమారు చేసి చూడండి. ఆర్‌జే45, ఎస్‌ఎఫ్‌పీ (ఫైబర్ మాడ్యూల్ పెట్టే సాకెట్) రెండూ ఉన్న పోర్టు అయితే "మీడియా-టైప్" దేనికి సెట్ అయి ఉందో కూడా ఓ కన్నేయండి.

సమస్య: అప్/అప్, కానీ పింగ్ లేదు

"షో ఏఆర్‌పీ" (ఏ ఐపీకి ఏ హార్డ్‌వేర్ అడ్రస్ అనే పట్టిక) లో అవతలి ఐపీ ఎదురుగా ఇన్‌కంప్లీట్ అని ఉంటే మాస్క్, వీలాన్ ఈ రెండే చూడండి. స్విచ్ వైపు ట్రంక్ (ఒకే లింక్ మీద చాలా వీలాన్లు) పెట్టి ఇటు సబ్-ఇంటర్‌ఫేస్‌లో వీలాన్ నంబర్ తప్పు కొట్టడం ఎక్కువగా జరిగేది.

సమస్య: అప్/అప్, పింగ్ బ్రహ్మాండం, పని మాత్రం నత్తనడక

నేను దెబ్బ తిన్నది ఇక్కడే. ఒక బ్రాంచ్ రౌటర్‌లో పాత ఫాస్ట్ ఈథర్‌నెట్ కార్డు తీసి గిగాబిట్ కార్డు వేశాం. కార్డు మారితే ఇంటర్‌ఫేస్ పేరు కూడా మారిపోతుంది, పాత పేరు కింద ఉన్న కాన్ఫిగ్ కొత్త పేరుకి రాదు, అందుకని నోట్స్ చూసి ఐపీ, డిస్క్రిప్షన్ మళ్లీ కొట్టాం. పింగ్ చక్కగా వచ్చింది. ఆ రాత్రి నుంచి బ్యాకప్ పూర్తవ్వడం ఆగిపోయింది. మూడు రోజులు తిరిగాం. కేబుల్ రెండుసార్లు మార్చాం, సర్వర్ వాళ్లతో గొడవ పడ్డాం, లింక్ ఇచ్చిన వాళ్లు మా వైపు అంతా క్లీన్ అన్నారు. మూడో రోజు సాయంత్రం "షో ఇంటర్‌ఫేసెస్" నిదానంగా చదివితే మధ్యలో ఒక లైన్: హాఫ్-డూప్లెక్స్, 100 ఎంబీపీఎస్. కింద లేట్ కొలిజన్ కౌంటర్ నేను చూస్తుండగానే పెరుగుతోంది.

ఏం జరిగిందంటే, పాత కార్డు కింద "స్పీడ్ 100", "డూప్లెక్స్ ఫుల్" అని రెండు లైన్లు ఉండేవి, ఎందుకంటే అవతలి బాక్స్‌లో అలాగే ఫిక్స్ చేసి పెట్టారు. ఆ రెండు లైన్లూ మేం కొత్త కార్డుకి కొట్టలేదు, కాబట్టి అది ఆటోలో ఉంది. ఆటో ఉన్న వైపు అవతల నుంచి నెగోషియేషన్ సమాచారం వస్తుందని చూస్తుంది, అవతల ఫిక్స్ చేస్తే ఆ సమాచారం రాదు. అప్పుడు సిగ్నల్‌ని బట్టి స్పీడ్ 100 అని పట్టేస్తుంది గానీ డూప్లెక్స్ తెలుసుకునే దారి లేదు, అందుకని హాఫ్‌కి దిగిపోతుంది. ఇది బగ్ కాదు, 1995లో వచ్చిన 802.3యూ ప్రమాణంలోనే అలా ఉంది.

ఇక పింగ్ ఎందుకు మోసం చేస్తుందో చూడండి. రౌటర్ మామూలు పింగ్ 100 బైట్ల ప్యాకెట్లు ఐదు, ఒకటి వెళ్తుంది, జవాబు వస్తుంది, తర్వాత ఇంకోటి. రెండు వైపుల నుంచి ఒకేసారి డేటా వచ్చే సందర్భమే లేదు, కాబట్టి ఢీకొనడం కూడా లేదు. పెద్ద ఫైల్ మొదలైతే అటు డేటా, ఇటు ఏసీకేలు (అందిందని చెప్పే జవాబులు) ఒకేసారి నడుస్తాయి. ఫుల్ వైపు ఉన్నది ఎప్పుడంటే అప్పుడు పంపేస్తుంది, అది దాని హక్కు. హాఫ్ వైపు ఉన్నది తను పంపుతుండగా ఏదో వస్తోందే అనుకుని కొలిజన్ అని పంపడం మధ్యలో ఆపేస్తుంది. మొదటి 64 బైట్ల లోపు అయితే మళ్లీ ప్రయత్నిస్తుంది, అవి దాటాక అయితే అది లేట్ కొలిజన్, మామూలుగా ఆ ఫ్రేమ్ పోయినట్టే. సగంలో తెగిన ఆ ముక్కలు అవతలి వైపు సీఆర్‌సీ ఎర్రర్లుగా (ఫ్రేమ్ చెడిపోయి వచ్చిందని), రంట్స్‌గా (మరీ చిన్న ఫ్రేములుగా) కనిపిస్తాయి. అందుకే గుర్తుపట్టడం తేలిక: ఒక చివర లేట్ కొలిజన్లు, ఇంకో చివర సీఆర్‌సీ. ఒక్క చివరే చూస్తే సీఆర్‌సీ చూసిన మనిషి కేబుల్ పాడైందని ఒట్టేసి చెప్తాడు, అతని తప్పేం లేదు, అతనికి కనిపించేది అదే. రెండు చివర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండు వైపులా సిస్కో ఉండి సీడీపీ (పక్క పరికరాన్ని గుర్తుపట్టే సిస్కో ప్రోటోకాల్) ఆన్‌లో ఉంటే డూప్లెక్స్ మిస్‌మ్యాచ్ అని లాగ్‌లో మెసేజ్ కూడా పడుతుంది, "షో లాగింగ్" కొట్టడానికి పది సెకన్లు పట్టదు.

పరిష్కారం: రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఒకే ఫిక్స్. ఒకవైపు అది, ఒకవైపు ఇది అస్సలు వద్దు. నా మాట అడిగితే ఆటోనే పెట్టండి, రాగి తీగ మీద గిగాబిట్‌కి ఎలాగూ ఆటో నెగోషియేషన్ తప్పనిసరి. అవతలివాళ్లు మార్చం అంటేనే మీరూ ఫిక్స్ చేయండి, స్పీడ్, డూప్లెక్స్ రెండూ కొట్టాలి. కొన్ని కొత్త మోడళ్లలో ముందు "నో నెగోషియేషన్ ఆటో" ఇవ్వకపోతే ఆ రెండు లైన్లూ పనిచేయవు.

ఇంకో జాగ్రత్త. ఏ లింక్ మీద నుంచి లాగిన్ అయ్యారో అదే లింక్‌లో ఇది మారుస్తుంటే, ముందు "రీలోడ్ ఇన్ 10" పెట్టుకోండి. పోర్టు ఒకసారి పడి లేస్తుంది, లేవకపోతే పది నిమిషాలకి రౌటర్ రీస్టార్ట్ అయి సేవ్ అయిన పాత కాన్ఫిగ్‌తో వస్తుంది. అందుకే అప్పటిదాకా సేవ్ చేయొద్దు. అంతా బాగుంటే "రీలోడ్ క్యాన్సిల్" మర్చిపోకండి.

మార్చాక సరిచూడటం: "క్లియర్ కౌంటర్స్" కొట్టకుండా ఎర్రర్లు చూడకండి, పోయిన సంవత్సరం ఎర్రర్లు కూడా అందులోనే కలిసి ఉంటాయి. తర్వాత 1500 బైట్ల సైజు, డీఎఫ్ బిట్‌తో (ప్యాకెట్‌ని ముక్కలు చేయొద్దనే గుర్తు) 1000 పింగులు పంపండి, అది నడుస్తుండగానే ఒక పెద్ద ఫైల్ అటూ ఇటూ కాపీ పెట్టండి. గంటాగి రెండు చివర్లా కౌంటర్లు చూస్తే సీఆర్‌సీ, లేట్ కొలిజన్ రెండూ సున్నా దగ్గరే ఉండాలి. ఫుల్ డూప్లెక్స్‌లో ఒక్క కొలిజన్ కూడా ఉండకూడదు.

అరుదుగా వచ్చేవి

ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు దారులు పంచుకునే ప్రోటోకాల్) ఎక్స్‌స్టార్ట్ దశ దగ్గరే వేలాడుతుంటే ఎంటీయూ (ఒకసారికి పంపగల గరిష్ట ప్యాకెట్ సైజు) రెండు వైపులా ఒకటేనా చూడండి. లైన్ అప్, ప్రోటోకాల్ డౌన్ అనేది ఈథర్‌నెట్‌లో ఎప్పుడో గానీ రాదు. పోర్టు నిజంగా కాలిపోవడం అంతకన్నా తక్కువ, పక్క పోర్టులోకి మార్చి చూస్తే రెండు నిమిషాల్లో తేలిపోద్ది.

అంతా సరిగ్గా ఉందని తేలాక "కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్". ఫిక్స్ చేసిన పోర్టు అయితే డిస్క్రిప్షన్‌లోనే "అవతల 100 ఫుల్ ఫిక్స్" అని రాసిపెట్టండి, రేపు ఇంకెవరో కార్డు మార్చి ఐపీ కాపీ చేసేటప్పుడు ఆ లైన్ వాళ్ల కంటపడుతుంది.