ఇంటి స్టోరేజ్ సర్వర్‌కి ప్రాసెసర్ మార్చాలా? డబ్బు పెట్టేముందు ఇలా తేల్చుకోండి

"సర్వర్ స్లో అయింది, ప్రాసెసర్ మారుద్దామనుకుంటున్నా, ఏది కొనమంటావ్?" అని ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. ఏది కొనాలన్నది తర్వాతి మాట. అసలు కొనాలా వద్దా అన్నది ఒక్క సాయంత్రంలో తేలిపోతుంది. నా దగ్గరున్నది పాత హెచ్‌పీ మైక్రోసర్వర్ జెన్8, లినక్స్ మీద నడుస్తోంది. ఉదాహరణలన్నీ దానివే.

కావలసినవి: ల్యాప్‌టాప్, నెట్‌వర్క్ కేబుల్, సర్వర్‌లోకి ఎస్‌ఎస్‌హెచ్ (ల్యాప్‌టాప్ నుంచే సర్వర్‌కి కమాండ్లు ఇచ్చే దారి) లాగిన్. వైఫై మీద కొలిచిన లెక్క లెక్కే కాదు.

ముందు లైను చూడండి. కేబుల్ పెట్టి, ఐదారు జీబీల ఒకే ఫైలు కాపీ చేయండి. సెకనుకు 110 ఎంబీ దాకా వస్తే గిగాబిట్ లైను ఇవ్వగలిగింది ఇచ్చేసినట్టే. ఏ ప్రాసెసర్ తెచ్చినా అంతకు మించి రాదు, మీ గోల కాపీల గురించే అయితే ఇక్కడితో ఆపేయండి. వేలకొద్దీ చిన్న ఫొటోలు కాపీ చేసి స్లో అంటే కుదరదు, అది హార్డ్‌డిస్క్ అటూ ఇటూ వెతుక్కునే ఆలస్యం.

అందరూ బోల్తా పడేది దీని తర్వాతే. సర్వర్ ఖాళీగా ఉన్నప్పుడు కాదు, సరిగ్గా నత్తనడక నడుస్తున్నప్పుడే లాగిన్ అయి 'టాప్' కమాండ్ ఇవ్వండి, ప్రాసెసర్‌ని ఎవరెంత వాడుతున్నారో అది చూపిస్తుంది. పైన కనబడే లోడ్ యావరేజ్ (సగటున ఎన్ని పనులు వరుసలో ఉన్నాయో చెప్పే అంకె) చూసి కంగారు పడకండి. రెండు కోర్ల (ప్రాసెసర్‌లో విడివిడిగా పనిచేసే భాగాల) మెషీన్‌లో లోడ్ 6 ఉందని మా తోడల్లుడు అప్పుడే ప్రాసెసర్ ఆర్డర్ పెట్టబోయాడు. లినక్స్ ఆ అంకెలో డిస్క్ కోసం ఎదురుచూస్తున్న ప్రాసెస్‌లను కూడా కలిపేస్తుంది. బ్యాంకులో క్యాషియర్ ఖాళీగానే ఉంటాడు, లోపల్నుంచి డబ్బు రాక బయట క్యూ పెరుగుతుంది. అలాంటిదే ఇది. దాని కింద ప్రాసెసర్ వరుసలో 'డబ్ల్యూఏ' (wa) అన్న అంకె ఉంటుంది, డిస్క్ కోసం ప్రాసెసర్ ఖాళీగా ఎదురుచూసిన సమయం శాతంలో. అది 40, 50 ఉందంటే తప్పు డిస్కులది. తోడల్లుడి దాంట్లో ఒక డిస్క్ చావుకి దగ్గరపడింది. డిస్క్ మార్చాక లోడ్ ఒకటి దాటలేదు.

ఇంకో మోసం, సగటు. నాలుగు కోర్లున్న మెషీన్‌లో వాడకం 25 శాతమే కనబడితే "బోలెడు ఖాళీ ఉంది" అనుకుంటారు. టాప్ నడుస్తుండగా కీబోర్డు మీద 1 నొక్కండి, కోర్లు విడివిడిగా కనబడతాయి. ఒకటి వందకి అతుక్కుపోయి మిగతా మూడూ నిద్రపోతుంటే, మీకు కావలసింది ఎక్కువ కోర్లు కాదు, ఒక్కో కోరుకీ ఎక్కువ వేగం. బెంచ్‌మార్క్ స్కోర్లు పక్కపక్కన పెట్టి కొనేవాళ్లకి ఈ తేడా ఎప్పటికీ తెలియదు. నాకు ఆ పట్టికలంటేనే ఒళ్లు మంట.

ఆ తర్వాత, కోర్లను తినేస్తున్న ప్రాసెస్ ఏదో చూడండి. సినిమా ఆడుతుండగా ట్రాన్స్‌కోడింగ్ (వీడియోని అప్పటికప్పుడు వేరే రూపంలోకి మార్చడం) కనబడితే ముందు సబ్‌టైటిల్స్ ఆపి చూడండి. బ్లూరే నుంచి తీసిన సబ్‌టైటిల్స్ అక్షరాలుగా కాక బొమ్మలుగా ఉంటాయి. టీవీకి అవి చదవడం రాకపోతే, వాటిని వీడియో మీద అద్దడానికి సర్వర్ సినిమా అంతా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది. అక్షరాలుగానే ఉండే ఎస్‌ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలు పెడితే చాలాసార్లు ఆ బాధే ఉండదు.

ఇవన్నీ దాటాక కూడా కోర్లు వందలోనే ఉంటే, అప్పుడు మార్చండి. నేనూ మార్చాను. నా సర్వర్‌తో వచ్చింది సెలరాన్ జీ1610టీ, దానికి ఏఈఎస్ సూచనలు (ఎన్‌క్రిప్షన్ అంటే డేటాని తాళం వేసి దాచే పనిని వేగంగా చేసేవి) లేవు. డిస్కులు ఎన్‌క్రిప్ట్ చేసిన రోజునే కాపీ వేగం సగానికి పడిపోయింది, రెండు కోర్లూ నిండిపోయాయి. జియాన్ ఈ3-1265ఎల్ వీ2 పెట్టాక తేరుకుంది.

అది 45 వాట్లది. ఈ సర్వర్‌లో ప్రాసెసర్ మీద విడిగా ఫ్యాను ఉండదు, వెనకున్న ఒక్కటే గతి. 69 వాట్ల జియాన్ పెట్టి నడిపేవాళ్లున్నారు, మీరు మాత్రం పెట్టకండి. వీడియో కోసమే అయితే అసలు ఏదీ కొనకండి: ప్రాసెసర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్నా ఈ బోర్డు దాన్ని వాడుకోనివ్వదు. ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ ఒకటి పక్కన పెట్టి సినిమాల పని దానికి అప్పగించండి. కరెంటు కూడా లెక్కేసుకోండి. రోజంతా ఆన్‌లో ఉండే సర్వర్ 20 వాట్లు ఎక్కువ తాగితే ఏడాదికి 175 యూనిట్లు.

మార్చడం అరగంట పని. బయోస్ అప్‌డేట్ చేసి, ప్లగ్ పీకి, ప్రాసెసర్ మీది వేడి లాగే పాత పేస్టు తుడిచి, కొత్తది బఠాణీ గింజంత పెట్టి బిగించండి. మళ్లీ అదే కేబుల్, అదే ఫైలు, అదే టాప్. పాత ప్రాసెసర్‌ని అమ్మేయకుండా ఓ నెల డబ్బాలో దాచండి. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నది బూట్ కాకపోతే, తప్పు దానిదో బోర్డుదో చెప్పేది ఆ పాతదే.