మిడ్‌స్ట్రీమ్ వైపు మారాలనుకునే విశ్లేషకులకు

హైదరాబాద్‌లో బ్యాంకింగ్, ఐటీ సంస్థల్లో విశ్లేషకులుగా పనిచేస్తూ చమురు, సహజవాయు రంగంలోకి మారాలనుకునేవారు ముందుగా గ్రహించవలసిన విషయం ఒకటుంది: మిడ్‌స్ట్రీమ్ (చమురు, వాయువుల రవాణా, నిల్వ వ్యాపారం) ఆదాయం ప్రధానంగా చమురు ధరపై కాక, పైపులైన్లలో సాగే సరుకు పరిమాణంపైనా, దానికి రవాణా రుసుముగా వసూలు చేసే టారిఫ్‌పైనా ఆధారపడుతుంది. అందుచేత 2006 నాటి చట్టం ద్వారా ఏర్పడిన పెట్రోలియం, సహజవాయు నియంత్రణ మండలి ఉత్తర్వులను, ముఖ్యంగా 2023 ఏప్రిల్ 1 నుంచి అమలైన ఏకీకృత టారిఫ్ విధానాన్ని (గ్యాస్ పైపులైన్లకు విడివిడిగా కాక కలిపి రుసుము నిర్ణయించే పద్ధతిని) ఓపికగా చదవాలి. నా దృష్టిలో ఏ సర్టిఫికెట్ కోర్సు కన్నా ఇదే మేలు. తరువాత ప్రభుత్వ రంగ గ్యాస్ సంస్థ గెయిల్ వార్షిక నివేదికలోని రవాణా విభాగాన్ని గ్యాస్ అమ్మకాల నుంచి వేరుచేసి, పరిమాణం 10 శాతం తగ్గితే లాభం ఎంత మారుతుందో ఎక్సెల్‌లో లెక్కకట్టాలి. పైపులైన్ ఖర్చు చాలావరకు స్థిరమైనది కనుక లాభం అంతకు మించి పడిపోతుంది. గెయిల్ ప్రధాన కార్యాలయం న్యూఢిల్లీలో ఉన్నందున, ఊరు మారే సంగతిని ఇంట్లో ముందే మాట్లాడుకోవడం మంచిది.