క్యూబాపై ఆంక్షలు ఎత్తేయాలా? కాలేజీలో చర్చ పెట్టే పద్ధతి

భీమవరంలోనైనా అమలాపురంలోనైనా కాలేజీల్లో వక్తృత్వ పోటీలకు లోటు లేదు. విదేశీ వ్యవహారం తీసుకుంటే మాత్రం చాలాసార్లు చర్చ రెండు ఉపన్యాసాలుగా మిగిలిపోతుంది. ఒకరు సామ్రాజ్యవాదం అంటారు, ఇంకొకరు నియంతృత్వం అంటారు. ఒకరి మాటకు ఒకరు జవాబు చెప్పరు. తప్పు పిల్లలది కాదు, ప్రతిపాదన రాసినవాళ్లది.

"క్యూబాపై ఆంక్షలు న్యాయమా, అన్యాయమా" అని పెట్టకండి. "క్యూబాపై వాణిజ్య ఆంక్షలను అమెరికా కాంగ్రెస్ షరతుల్లేకుండా ఎత్తేయాలి" అని పెట్టండి. ఎవరు ఎత్తేయాలి, షరతులుండాలా వద్దా అనే రెండూ వాక్యంలోనే తేలిపోవాలి. కాంగ్రెస్‌కు బదులు అధ్యక్షుడు అని రాస్తే ప్రతికూల పక్షం మొదటి వక్తే లేచి, 1996 నాటి హెల్మ్స్-బర్టన్ చట్టం ప్రకారం ఆ అధికారం ఆయనకు లేదంటారు. చర్చ అక్కడే ఆగిపోతుంది. అధ్యక్షుడు లైసెన్సులిచ్చి సడలించగలరు. 2014 డిసెంబరు తర్వాత ఒబామా చేసింది అదే. పూర్తిగా తీసేయాలంటే చట్టమైనా మారాలి, లేదా రాజకీయ ఖైదీల విడుదల, క్యూబాను ఏలిన కాస్ట్రో సోదరులు (ఫిడెల్, రౌల్) లేని ప్రభుత్వం వంటి ఆ చట్టంలోని షరతులైనా తీరాలి.

వారం ముందు రెండు పక్షాలకూ ఒకే సమాచార పత్రం ఇవ్వండి, ఒక్క పేజీ చాలు. 1960 అక్టోబరులో ఐసెన్‌హోవర్ ఆహారం, మందులు తప్ప మిగతా ఎగుమతులు ఆపడం. 1962 ఫిబ్రవరి 7 నుంచి కెన్నెడీ ఆంక్షలు పూర్తిగా అమల్లోకి రావడం. 1992, 1996లో ఆంక్షలను బిగించిన చట్టాలు. 2000లో ఆహార ఎగుమతులకు దారి తెరవడం. 2015లో రాయబార కార్యాలయాలు మళ్లీ తెరవడం. 2021 జనవరిలో క్యూబాను ఉగ్రవాద పోషక దేశాల జాబితాలో తిరిగి చేర్చడం. ఏ పక్షం ఎవరిదో రెండు రోజుల ముందు చీటీ తీసి చెప్పండి. అప్పటిదాకా అందరూ రెండు వైపులా చదువుతారు.

అనుకూల పక్షం ఎక్కువగా దెబ్బతినేది ఆహారం దగ్గరే. "అమెరికా క్యూబాకు తిండిగింజలు కూడా అమ్మనివ్వదు" అనేస్తారు. అది తప్పు, అమెరికా కోడిమాంసం అక్కడికి వెళ్తూనే ఉంది. ఎదుటివారు పట్టుకుంటారు:

"2000 నుంచి ఆహారానికి మినహాయింపు ఉందా, లేదా?"

"ఉందండి. మినహాయింపు ఉంది, అరువు లేదు. డబ్బు ముందే కట్టాలి."

ఈ జవాబు సిద్ధంగా ఉన్న వక్తకు మన దగ్గర సభ వెంటనే దొరుకుతుంది. మేత అరువు మీద తెచ్చి, పట్టుబడి అయ్యాక లెక్క తీర్చే రొయ్యల రైతుల పిల్లలు ముందు వరసల్లోనే ఉంటారు. అరువు లేని వ్యాపారం ఎంత నడుస్తుందో వాళ్లకు విడమర్చక్కర్లేదు. ఓడల నిబంధన కూడా అలాంటిదే. క్యూబాలో వ్యాపారం కోసం ఆగిన ఓడ, లైసెన్సు లేకుండా 180 రోజులపాటు అమెరికా రేవుల్లో సరుకు ఎత్తకూడదు, దించకూడదు. కాకినాడలో బియ్యం ఎగుమతి చూసినవాళ్లకు అలాంటి ఓడకు బాడుగ ఎందుకు పెరుగుతుందో అర్థమవుతుంది.

క్యూబా ప్రభుత్వం జాతీయం చేసిన అమెరికన్ల ఆస్తుల దగ్గర ప్రతికూల పక్షం గట్టిగా నిలబడాలి. అమెరికా కమిషన్ ధ్రువీకరించిన పరిహార క్లెయిములు 5,913, వడ్డీ కాక అసలే సుమారు 190 కోట్ల డాలర్లు. ఏమీ రాబట్టకుండా ఆంక్షలు వదిలేస్తే వీటి సంగతేంటని అడగాలి.

ఆంక్షలు ఎత్తేయాలనే తీర్మానంపై ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభలో జరిగే ఓటింగ్‌ను రెండు పక్షాలూ వాడతాయి. 2024లో ఆంక్షలకు వ్యతిరేకంగా 187 దేశాలు, మద్దతుగా 2. ఈ అంకె దగ్గరే ఆగితే, 2025లో అది 165–7కు మారిందనీ, 12 దేశాలు తటస్థంగా ఉన్నాయనీ ఎదుటివారు చదువుతారు. ఎలాగైనా ఆ తీర్మానానికి అమెరికా కట్టుబడి ఉండాల్సిన పని లేదు. దీన్నే ప్రధాన వాదన చేసుకున్న జట్టు ఓడిపోతుంది.

పోలికల్లో వియత్నాం మంచిది. క్లింటన్ 1994 ఫిబ్రవరిలో ఆంక్షలు ఎత్తేశారు. ఇవాళ అమెరికా రొయ్యల మార్కెట్లో మనకు పోటీ ఇచ్చే దేశాల్లో వియత్నాం ఒకటి. కానీ ఈ పోలిక రెండు వైపులా కోస్తుంది. గల్లంతైన అమెరికా సైనికుల వెతుకులాటలో వియత్నాం సహకరించాకే ఆ ఆంక్షలు పోయాయి. వాణిజ్య ఒప్పందం 2001 డిసెంబరులో గానీ అమల్లోకి రాలేదు. ఒకే పార్టీ పాలన ఇప్పటికీ ఉంది. ఆంక్షలు పనిచేస్తాయనడానికి ప్రతికూల పక్షం దక్షిణాఫ్రికాను తేవచ్చు: అక్కడి జాతివివక్షకు వ్యతిరేకంగా మన దేశం 1946లో మొదలుపెట్టిన వాణిజ్య నిషేధం 1993 దాకా సాగింది. దానికి జవాబు: అక్కడ చాలా దేశాలు కలిశాయి, క్యూబా విషయంలో అమెరికా దాదాపు ఒంటరి.

జట్టుకు ముగ్గురు. మొదటివారికి 5 నిమిషాలు, రెండోవారికి 4, ఖండన చేసే మూడోవారికి 4. మొదటి ఇద్దరిలో ఒక్కొక్కరి ప్రసంగం అయిన వెంటనే ఎదుటి జట్టు 2 నిమిషాలు ప్రశ్నలు వేయాలి. మొత్తం 34 నిమిషాలు. ఖండనలో ప్రతికూల పక్షం ముందు, అనుకూల పక్షం చివర. నిమిషం ముందు ఒక గంట, సమయం కాగానే రెండు.

మూడోవారు కాగితాన్ని మూడు గడులు చేసుకోవాలి: వాళ్లు అన్నది, మన జవాబు, ఆధారం. ఆధారం గడి ఖాళీగా ఉన్న జవాబు చెప్పకపోవడమే మేలు. ఇంట్లో రాసుకొచ్చిన ఖండన చదివితే మార్కులు కోసేయండి, ఎదుటివారు అననిదానికి అది జవాబు.

మార్కుల్లో మన పోటీలు గొంతుకూ ధారకూ పెద్ద పీట వేస్తాయి, ఇక్కడ అది పనికిరాదు. 50లో ఖండనకు 20, ఆధారాలకు 15, భాషకు 10, సమయపాలనకు 5 ఇవ్వండి. సభికుల ఓటు చర్చకు ముందొకసారి, తర్వాత ఒకసారి చీటీల మీద తీసుకోండి. మొదటి ఓటు వక్తల పేర్లు చదవకముందే అయిపోవాలి, లేకపోతే స్నేహితులకే పడుతుంది. చివర్లో మొత్తం ఓట్లు కాదు, ఎటు ఎన్ని మారాయో ప్రకటించండి.