పాదం దెబ్బతిన్నవాళ్లు దూరం నడవడానికి దారి ఎంచుకోవడం

నొప్పి పాదంలో ఎక్కడుందో దాన్నిబట్టే దారి. పొద్దున లేచి మొదటి అడుగు వేయగానే మడమ కింద గుచ్చినట్టుంటే సిమెంటు రోడ్డు, బండల దారి వద్దు. గట్టిపడ్డ మట్టిబాట కావాలి. మెత్తగా ఉంటుంది కదా అని పెన్న ఇసుకలోకి దిగొద్దు. అడుగడుక్కీ మడమ కుంగి, పిక్క లాగి, నొప్పి ఇంకా పెరుగుతుంది. చీలమండ బెణికినవాళ్లకు కంకర తేలిన దారి పనికిరాదు. వేళ్లకు దెబ్బ ఉంటే ఎక్కుడు కంటే దిగుడే చేటు: పాదం ముందుకు జారి వేళ్లు బూటుకు గుద్దుకుంటాయి.

అనంతపురం వైపు ఎర్రనేల, గరుసు బాటలు వాన వెలిశాక త్వరగానే ఆరతాయి. నంద్యాల, కోవెలకుంట్ల వైపు నల్లరేగడి అట్లా కాదు. తడిస్తే ముద్దలుగా అంటుకుని కాలు బరువెక్కుతుంది. ఎండితే ట్రాక్టరు టైర్ల జాడలు రాయిలా గట్టిపడి, పక్కన నెర్రెలు విచ్చుతాయి. బెణికిన కాలు మళ్లీ బెణికేది ఇక్కడే. బండ్లు తిరిగి బాట నలిగిందాకా ఆగండి.

కేసీ (కర్నూలు-కడప) కాలువ సుంకేసుల నుంచి కడప దాకా 300 కిలోమీటర్లకు పైనే. నీళ్లు పారాలి కాబట్టి కాలువ గట్టుకు ఎత్తుపల్లాలు తక్కువ. అందుకే నొప్పికాలికి గట్టుదారి మంచిది, అన్నిచోట్లా కాదు. కంపచెట్లు కమ్ముకున్న చోట ముల్లు పలచటి చెప్పును దాటి దిగుతుంది. ఫోను మ్యాపులో బాట ఉందో లేదో తెలుస్తుంది గానీ, కంకర పోశారో లేదో తెలియదు. ముందురోజు బైకు మీద పోయి చూసి రండి.

తారురోడ్డును నడుమ ఎత్తుగా, అంచులు వాలుగా వేస్తారు. ఒకే అంచున గంటలు నడిస్తే ఒక పాదం ఎప్పుడూ పల్లంలోనే ఉంటుంది. బండ్లు తిరగని ఊరిరోడ్డయితే మధ్యన నడవొచ్చు. హైవేలో ఆ వీలు లేదు, వదిలేయండి. ఎండాకాలం రోడ్డుకు చేతి వెనుకభాగం ఆనించి ఐదారు సెకన్లు ఓర్చుకోలేకపోతే ఆ పూట నడక మానండి. షుగరుతో అరికాలు మొద్దుబారినవాళ్లకు బొబ్బ లేచిందీ తెలియదు. మొక్కున్నా సరే, ఒట్టికాళ్లతో నడవొద్దు.

మూడు నాలుగు కిలోమీటర్లకొక ఊరు, ఆటో దొరికే దారి చూసుకోండి. ఒకవైపు నడిచి బస్సులో తిరిగొచ్చేదైతే ఇంకా మేలు. ఆత్మకూరు నుంచి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా శ్రీశైలం పోయే అడవిదారి ఈ లెక్కకు నిలవదు: భీమునికొలను దగ్గర లోయలోకి దిగి మళ్లీ నిట్టనిలువుగా ఎక్కాలి, నడుమ బస్సు లేదు. శివరాత్రికి తోడు జనం ఉంటారు గానీ, నొప్పి పంచుకోరు.

ఎంచుకున్న దారిలో మొదట రెండు కిలోమీటర్లే నడిచి ఆగండి. మర్నాడు పొద్దున నొప్పి ఎట్లుందో చూడండి. పెరగకపోతే వారానికో కిలోమీటరు కలపండి. పెరిగితే రెండురోజులు ఆగి, అదే దూరం వేరే నేల మీద నడిచి చూడండి. వాపు దిగకపోయినా, కాలు మోపలేకపోయినా దారుల సంగతి తర్వాత, ముందు ఎముకల డాక్టరుకు చూపించుకోండి.